గుర్రం కాలు మారుస్తుంది, మరి మన గిత్త?

అన్నలారా, మన అనంతపురం నుంచి బెంగళూరు పోయినోళ్లు గుర్రప్పందేలు చూసే ఉంటారు. డబ్బు కాసే సంగతి వదిలేయండి, అది కొంపలు ముంచేది. పరుగు మాత్రం గమనించండి. దౌడులో గుర్రం ముందరి కాళ్లలో ఒకటి ప్రతి అంగకూ ఇంకోదానికంటే ముందుకు పడుతుంది. అక్కడ మలుపులు కుడివైపుకు, కాబట్టి మలుపులో కుడికాలు ముందుండాలి. నేరుదారికి వచ్చినాక ఎడమకాలికి మార్చుకోవాలి. మార్చుకోకుంటే అదే కాలు అలిసిపోయి చివర్లో వేగం పడిపోతుంది. జాకీ బరువు కొంచెం పక్కకు జరిపి, కళ్లెం కదిపి ఆ మార్పు అడుగుతాడు. సరైన అంగలో అడగడమే పనితనం.

కూర్చునే తీరూ అంతే. 1900 ప్రాంతంలో జాకీలు రికాబులు పొట్టి చేసి ముందుకు వంగి స్వారీ చేయడం మొదలైనాక పందెం సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగైనాయని 2009లో సైన్స్ పత్రికలో రాసినారు. కుదుపంతా జాకీ మోకాళ్లలో తీసుకుంటాడు. ప్రతి అంగకూ అతన్ని ఎత్తిదించే పని గుర్రానికి తప్పుతుంది.

మనకెందుకంటారా? మా ఊర్లో ఒక తమ్ముడు నాలుగు పళ్ల గిత్తల జతను సంతకు తోలుతానంటున్నాడు. బండలాగుడులో మలుపు దగ్గర నిలబడిపోతున్నాయంట. పోయి చూసినా. మలుపులో బయటి గిత్త ఎక్కువ దూరం తిరగాల. తోలేటోడు దానికి సందివ్వడు, కాడి వంకరపోతుంది, వెంటనే చెర్నాకోల. "ముందు తోలేటోన్ని మార్చి చూడు నాయనా" అన్నా. వచ్చే వారమే సంత. ఇంకా ఏమీ చెప్పలేదు.