సుమ్నె ఉండని మనిషి

మా ఇంటి తెలుగులో సగం కన్నడమే. మా తాత వాళ్ల నాయన మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చేశాడంట. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాను, కాబట్టి తప్పులుంటే మన్నించండి. మా ఇంట్లో అందరి నోటా వినపడే మాట ఒకటుంది: "సుమ్నె ఉండు." ఊరుకో, నోరెత్తకు అని. బస్సులో గొడవైనా, వీధిలో నీళ్ల కోసం కొట్లాటైనా అవ్వ అదే అంటుంది. "మనం బయటి నుంచి వచ్చినోళ్లం, మనకెందుకు, సుమ్నె ఉండు."

ఆ మాట వెనకాల ఒక కథ ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో తాత చిక్కపేటలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. మా వఠారంలో రెండిళ్ల అవతల ఉండే యూనియన్ మనిషిని ఒక రాత్రి పోలీసులు పట్టుకుపోయారు. పొద్దున్నే ఆయన భార్య వచ్చి మా తలుపు తట్టింది. తాత తియ్యొద్దని చెయ్యి ఊపాడంట. అవ్వ తియ్యలేదు. ఇప్పటికీ ఈ సంగతి చెప్పేటప్పుడు అవ్వ గొంతు తగ్గిపోతుంది.

కాలేజీలో ఉన్నప్పుడు 'సంస్కార' సినిమా చూశాను. అనంతమూర్తి నవల మీద 1970లో వచ్చిన కన్నడ సినిమా. మొదట మద్రాసు సెన్సార్ వాళ్లు ఆపేశారు, తర్వాత అదే జాతీయ ఉత్తమ చిత్రమయింది. అందులో చంద్రిగా వేసినావిడ స్నేహలతా రెడ్డి. ఆమె కన్నడావిడే అనుకున్నాను. కాదు, 1932లో ఆంధ్రలో పుట్టిన మనిషి. సినిమా తీసిన ఆమె భర్త పట్టాభిరామిరెడ్డి గారిది నెల్లూరు. 1939లోనే 'ఫిడేలు రాగాల డజన్' రాసిన తెలుగు కవి. అంటే మనలాగే ఆంధ్ర నుంచి వచ్చి బెంగళూరులో ఉన్నవాళ్లు. కానీ వాళ్లు సుమ్నె ఉండలేదు.

ఇద్దరూ లోహియా దారిలో నడిచిన సోషలిస్టులు. జార్జి ఫెర్నాండెజ్‌కు స్నేహితులు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టాక ఫెర్నాండెజ్ అజ్ఞాతంలోకి పోయాడు. ఆయన కోసం పోలీసులు దేశమంతా గాలించారు. బరోడా డైనమైట్ కేసు అన్నారు. 1976 మే మొదట్లో స్నేహలత గారిని పట్టుకుని బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. దానికి కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 28న, ఇలా నిర్బంధించినవాళ్లు కోర్టుకు పోయి అడిగే వీల్లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదుగురు జడ్జీల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే. అంటే ఆమె లోపలికి పోయేసరికి అడగడానికి తలుపే లేదు.

ఆమెకు ఉబ్బసం. చిన్న గది, గాలాడదు, మందులు సరిగా అందవు. అదే జైల్లో ఉన్న మధు దండవతే గారు, రాత్రిళ్లు ఆమె అరుపులు తమకు వినపడేవని తర్వాత రాశారు. ఆమె జైల్లోనే డైరీ రాసుకున్నారు. తన బాధతో పాటు ఆడఖైదీలను కొట్టడం గురించి కూడా రాశారు. దాన్ని ఎదిరించారు కూడా. ఊపిరాడని మనిషి పక్కవాళ్ల దెబ్బల గురించి మాట్లాడటం! ఇది చదివినప్పుడు నాకు మా వఠారం తలుపు గుర్తొచ్చింది.

ఎనిమిది నెలలు విచారణ లేకుండానే ఉంచారు. ఆ కేసు చివరి ఛార్జిషీట్లో ఆమె పేరే లేదు. ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక 1977 జనవరి 15న పెరోల్ ఇచ్చారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె పోయారు. ఇంకో రెండు నెలలకు, మార్చి 21న, ఎమర్జెన్సీ ఎత్తేశారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పుంటే తప్పుందని చెప్పడమే నా జీతం. కొన్నేళ్ల కింద ఒక రిలీజుకు ముందురోజు, ఫెయిలవుతున్న ఒక టెస్టును పాస్ అని రాయమన్నారు. రాసేశాను. పోలీసులు లేరు, జైలు లేదు, మహా అయితే ఒక మాట పడేదాన్ని. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. సుమ్నె ఉండటం నాకు భయం వల్ల వచ్చింది కాదు, అలవాటు వల్ల వచ్చింది. తాతకైనా నిజంగా భయం ఉండింది.

ఆ పాత జైలు ఇప్పుడు ఫ్రీడం పార్క్. కొన్ని గదులు అలాగే ఉంచారు. ఊరి ధర్నాలు కూడా అక్కడే. పోయినేడు అవ్వను తీసుకుపోయాను. ఒక గది ముందు కూర్చోబెట్టి స్నేహలత గారి సంగతి మొత్తం చెప్పాను. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ పొద్దు తలుపు తీసుంటే మీ నాయన చదువు ఏమయ్యేదో" అంది. నేను ఊఁ అన్నాను. అదీ నిజమే. తాతను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

కొంచెం ఆగి అవ్వే మళ్లీ అంది: "ఆయమ్మ మూడుసార్లు తట్టింది. నేను లెక్కపెట్టినా."

యాభై ఏళ్లయినా ఆ లెక్క మరిచిపోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోవాడు మీటరు మీద ఎక్కువ అడిగాడు. నేను వాదిస్తున్నాను. అవ్వ ఎప్పటిలా "సుమ్నె ఉండు" అంటుందని చూశాను. ఆ రోజు అనలేదు.