పోయిన చోటు

ఇంట్లో పది రూపాయలు తక్కువైతే ముందు లెక్క చూసుకుంటాం. పాలకిచ్చామా, కూరలకైందా అని వేళ్లు మడిచి మరీ గుర్తు చేసుకుంటాం. కంప్యూటరులో చోటు తక్కువైతే మాత్రం ఎవరూ లెక్క జోలికి పోరు. చేతికందినదేదో చెరిపేస్తారు.

మా కంప్యూటరు ఈమధ్య "చోటు లేదు" అని మొరాయించింది. అదీ ఎప్పుడనుకున్నారు? గండికోట పాటలు అందులోకి ఎక్కించబోయే వేళ!

2018లో నేను గండికోట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, విసుర్రాయి పాటలు కొన్ని ఫోనులో పట్టుకున్నాను. వాటిలో ఎక్కువ భాగం తాళ్లప్రొద్దుటూరులో ఒక అవ్వ పాడినవి. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు నిలబెట్టినప్పుడు ఆ ఊరు మునిగిపోయింది. అవ్వ కూడా కాలం చేసింది. ఇక ఆ పాటలు మళ్లీ పాడించుకుందామంటే ఊరూ లేదు, గొంతూ లేదు. ఉన్నదల్లా ఆ పాత ఫోను. అదేమో గాలికి దీపంలా వెలుగుతూ ఆరుతూ వుంది.

"గండికోట ఫొటోలు తీసెయ్ నాన్నా, కోట ఎక్కడికీ పోదు గదా!" అన్నాడు మా వాడు. రిపేరు కుర్రవాడైతే, "అంతా ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. పాటలకు నేను రాసుకున్న అర్థాలన్నీ అందులోనే వున్నాయి మరి! వద్దన్నాను. కడపలో వున్న పాత శిష్యుడొకడు, "ముందు కొలవండి సార్, తర్వాత కోయవచ్చు" అని ఫోనులో దారి చెప్పాడు.

కొలిచాం. పెట్టె మీద 500 జీబీ అని వుంది. తెర మీద 465. ఇందులో మోసమేమీ లేదు. తయారుచేసేవారు వెయ్యేసి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. వెనకటికి ఒక ఊరి పడికీ ఇంకో ఊరి పడికీ తేడా వుండేది చూడండి, అలాంటిదే ఇదీ.

వాడినది 453 అంది యంత్రం. కనిపించే ఫైళ్లన్నీ ఒక్కసారి పట్టి కూడితే 318 మాత్రమే తేలింది. మరి తక్కిన 135 జీబీ ఎక్కడ?

గండికోటలో జుమ్మా మసీదు దగ్గర పాత ధాన్యాగారం వుంది. అంత పెద్ద కట్టడంలోనూ గోడల మందం పోను మిగిలినదే గింజలకు. కంప్యూటరులోనూ అలాంటి గోడలున్నాయి, కంటికి కనపడవు, అంతే. ఏదైనా చెడితే పాత స్థితికి వెనక్కు పోవడానికని విండోస్ ఎప్పటికప్పుడు నకళ్లు దాచుకుంటుంది. వాటికి ఎవరో 20 శాతం హద్దు పెట్టి వుంచారు. అవే 93 జీబీ! తీసేశామనుకున్నవి చెత్తబుట్టలో భద్రంగా వుండి 21 మింగాయి. కంప్యూటరును గాఢ నిద్రకు పంపేటప్పుడు పని అంతా దాచుకునే ఫైలుది 3. మిగిలిన 18 మా వాడి ఖాతాలోని ఆటలు. ఆ గదికి నాకు ప్రవేశం లేదు గనుక, నా కూడికకు అవి అందలేదు. ఫొటోలు తీసెయ్యమన్న పెద్దమనిషి మొహం అప్పుడు చూడాలి!

శిష్యుడు చెప్పినట్లు డిస్క్ క్లీనప్‌లోకి వెళ్లి, అన్నిటికంటె కొత్త నకలు ఒకటి వుంచి తక్కినవి తీసేశాం. హద్దు 5 శాతానికి దించాం. చెత్తబుట్టను ఒకటికి రెండుసార్లు చూసి మరీ ఖాళీ చేశాం. నిద్ర ఫైలు జోలికి పోలేదు. దాని పని దానికుంది. ఆటల సంగతి తల్లీకొడుకులకు వదిలేశాను.

ఫొటో ఒక్కటీ పోలేదు. ఆ రాత్రే పాటలు ఎక్కించాను; ఒక నకలు పెన్‌డ్రైవులో వేసి బీరువాలో పెట్టాను. మరునాటి నుంచి ఫోను మళ్లీ వెలగలేదు.

ఇంతకీ అవ్వ పాటలన్నీ కలిపి ఎంత చోటు పట్టాయనుకున్నారు? నాలుగు జీబీ కూడా లేవు.