ఓడలూ బండ్లూ

టాటానగర్ రైల్వే స్టేషనుకు ఆవలి వైపున, ఉక్కు కంపెనీ లీజు భూములకు వెలుపల, పర్సుడీహ్ అనే పేట ఉన్నది. జంషెడ్‌పూర్ అనగానే లోకానికి జ్ఞప్తికి వచ్చే వెడల్పాటి రహదారులూ, వరుస తీర్చిన క్వార్టర్లూ రైలుకట్టకు అటువైపే నిలిచిపోయినవి. ఇటువైపు వీధులలో సంతాలీ, హిందీ, బంగ్లా, ఒడియాల నడుమ తెలుగు కూడా వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం మొదలు కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాల తెలుగు అది.

అటువంటి ఒక ఇంటి అరుగు మీద, 2023లో ఒక సాయంకాలం, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి ఒకాయన మనుమణ్ణి అడిగాడు: "ఏరా, మన టాటా జట్టు పదో స్థానానికి దిగిపోయిందట గదా! వచ్చే యేడు కింది తరగతిలో ఆడతారా?"

కుర్రవాడు బూటు తాళ్ళు బిగించుకుంటూ నవ్వాడు. "లేదు తాతా. అక్కడినుంచి ఎవరూ కిందికి పడరు. పడటానికి మెట్టు కట్టలేదు."

వృద్ధునికి ఈ సమాధానం మింగుడుపడలేదు. ఆయన ఆశ్చర్యంలోనే ఒక పెద్ద వివాదం ఇమిడి ఉన్నది. ఓడిన జట్టు కింది శ్రేణికి దిగాలా, అక్కడ గెలిచిన జట్టు పైకి రావాలా? లేక పై శ్రేణిలో చోటు కొనుక్కున్నవారు ఎట్లా ఆడినా అక్కడనే ఉండవచ్చునా?

జంషెడ్‌పూర్ ఫుట్‌బాల్ క్లబ్బు మెట్లెక్కి వచ్చినది కాదు. 2014లో ఎనిమిది జట్లతో ప్రారంభమైన ఇండియన్ సూపర్ లీగులోనికి అది 2017లో నేరుగా ప్రవేశించినది. 2021-22లో లీగు దశలో అందరికంటె ముందు నిలిచి షీల్డు గెలుచుకున్నది. మరుసటి సంవత్సరమే పదకొండు జట్లలో పదవది అయినది. ఓడలు బండ్లవుతవి, బండ్లు ఓడలవుతవి అనే సామెతలో మొదటి సగం ఇక్కడ ఫలించినది. రెండవ సగానికి చోటు చాలకాలం లేకపోయినది.

దిగువ ద్వారం మూసి ఉంచాలనేవారి వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. ఒక్క సంవత్సరపు ఓటమితో సర్వస్వం పోతుందంటే ధనం పెట్టేవాడు వెనుదీస్తాడు, పిల్లలను తీర్చిదిద్దే ఓపిక ఎవరికీ ఉండదు. టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987 నుండి సాగుతున్నదంటే దాని వెనుక తొందరలేని పోషణ ఉన్నది. భయంలో ఉన్న యజమాని పదహారేళ్ళ కుర్రవాణ్ణి నమ్మడు; ముప్పై దాటిన విదేశీయుణ్ణి తెచ్చుకుంటాడు.

అయితే మూసిన ద్వారం క్లబ్బులను నిజంగా కాపాడినదా? జంషెడ్‌పూర్ షీల్డు గెలిచిన సంవత్సరమే ఫైనల్లో కేరళను ఓడించి కప్పు అందుకున్నది హైదరాబాద్. రెండేళ్ళు తిరగకముందే ఆ క్లబ్బు ఆర్థికంగా కుంగిపోయినది. 2023-24లో ఇరవైరెండు ఆటలలో ఒక్కటే గెలిచి, ఎనిమిది పాయింట్లతో అట్టడుగున నిలిచినది. కింది తరగతికి ఎవరూ పంపలేదు. అయినా 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టును, దానిని తీర్చిదిద్దిన రహీమ్ సాహెబును కన్న నగరానికి, కనీసం కింది తరగతిలోనైనా ఆ క్లబ్బు మిగలలేదు.

ఇంగ్లండులో రగ్బీ ఆట కథ కూడా ఇట్లాగే నడిచినది. కరోనా కాలంలో అక్కడి ప్రీమియర్‌షిప్పు కిందికి దింపే నియమాన్ని నిలిపివేసినది. ఆ అభయం ఉన్న రోజులలోనే, 2022లో, వూస్టర్, వాస్ప్స్ క్లబ్బులు అప్పుల భారంతో కూలిపోయినవి. 2023లో లండన్ ఐరిష్ వాటిని అనుసరించినది. మరొకవైపు ఈలింగ్ అనే క్లబ్బు 2022లోనూ 2024లోనూ రెండవ శ్రేణిని గెలిచి కూడా, మైదానపు ప్రమాణాలు చాలవన్న కారణాన గడప దాటలేకపోయినది. లోపలివారిని చంపినది అప్పు. బయటివారిని ఆపినది తలుపు.

ఇందుకు ఎదురు సాక్ష్యమూ లేకపోలేదు. 2014లో పైకి వచ్చిన లండన్ వెల్ష్ ఆ సీజనులో ఇరవైరెండు ఆటలూ ఓడిపోయి దిగిపోయినది. 2017 ఆరంభానికల్లా వృత్తి పోటీలలోనే లేకుండాపోయినది. కాబట్టి మెట్టు ఒక్కటే చాలదు. మెట్టు కింద నేల కూడా ఉండాలి. ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగు దిగిపోయిన జట్లకు మూడేళ్ళ వరకు ధనసహాయం చేస్తుంది. దానికి పారాచూట్ అని పేరు. కింది శ్రేణిలో అది పోటీని వంకర చేస్తుందని నింద ఉన్నా, పడినవాడు ప్రాణంతో మిగలాలన్న సూత్రం మాత్రం న్యాయమైనదే.

అరుగు మీది వృద్ధునికి ఈ సూత్రం తన కొలువులోనే తెలిసినది. "మా రైల్వేలో రివర్షన్ అని ఒకటి ఉండేది" అన్నాడాయన. "పై గ్రేడులో పనికి తగనివాణ్ణి కిందికి దింపేవారు. వాడికి సిగ్గే, జీతం కూడా తగ్గేది. కాని నౌకరీ పోయేది కాదు. మళ్ళీ ఎక్కే దారి మూసేవారు కారు."

సూపర్ లీగులో ఎగువ మెట్టు మాత్రం కొంత కట్టబడినది. ఐ-లీగు గెలిచి 2023లో పంజాబ్, 2024లో శతాధిక వయస్సు గల మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వచ్చినవి. 2024-25 నుండి ఎక్కడమూ దిగడమూ రెండూ ఉండాలని 2019లోనే ఆసియా సమాఖ్య ఆమోదించిన ప్రణాళిక చెప్పినది. ఆ సీజను ముగిసినా ఎవరూ దిగలేదు. సంగీతంలో ఆరోహణ ఉన్న రాగానికి అవరోహణ తప్పదు. ఇక్కడ మాత్రం సగం రాగమే ఆలపించబడినది. కొత్తగా 2025లో ముంబయిలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగులోనూ హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లూ కొనుగోలు చేసిన చోట్లలోనే ఆడినవి. బాల్యంలో ఉన్న ఆటకు అంతటి కంచె అవసరమే కావచ్చు. కాని కంచె వేసిననాడే, దానికి గుమ్మం ఎప్పుడు పెడతారో కూడా చెప్పి ఉంచడం ధర్మం.

బూటు తాళ్ళు బిగించుకున్న మనుమడు లేచి నిలుచున్నాడు. అతని పేట జట్టు ఆడేది స్థానిక లీగు క్రింది విభాగంలో. చూడవచ్చేవారు చేతివేళ్ళతో లెక్కించదగినంత మంది.

"ఈ యేడు అన్నీ గెలిస్తే పైకి పోతార్రా?" అని తాత అడిగాడు.

"ఒక మెట్టు పోతాం తాతా."

"ఆ తరువాత?"

కుర్రవాడు రైలుకట్ట వైపు ఒకసారి చూసి, జవాబు చెప్పకుండానే మైదానానికి నడిచాడు.