లీటరు నురుగు బరువెంత?

మా మెట్‌పల్లిలో నురుగు అంటే కుంకుడుకాయ నురుగే. దాంతో తల రుద్దుకుంటాం, అంతే. నురుగుతో గోడలు కూడా కడతారని నాకు తెలిసింది బావ వల్ల. మా ఊళ్లో చాలామందిలాగే ఆయన కూడా గల్ఫ్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చాడు. తెచ్చిన డబ్బులో పెద్ద భాగం, దానిమీద ఇంకొంత అప్పు కలిపి, ఊరి బయట లైట్‌వెయిట్ ఇటుకల యూనిట్ పెట్టాడు.

ఈ ఇటుకల్నే సీఎల్‌సీ బ్లాకులంటారు. సిమెంటు, ఇసుక, ఫ్లై యాష్, నీళ్లు కలిపి గుజ్జు చేస్తారు. బూడిదకు మనకు కరువు లేదు, రామగుండం ఎన్టీపీసీలో 2600 మెగావాట్ల పాత స్టేషన్ ఒక్కటే గుట్టలకొద్దీ ఇస్తుంది. విడిగా తయారుచేసిన నురుగును ఆ గుజ్జులో కలిపి మోల్డుల్లో పోస్తారు. మామూలు కాంక్రీటు ఘనపు మీటరు 2400 కిలోలు తూగితే, ఇది 1000 కిలోల దగ్గర ఆగుతుంది. ఐఎస్ 2185 నాలుగో భాగం 2008లో వచ్చింది, అది ఈ బ్లాకుల గురించే. ఏఏసీ బ్లాకులకైతే పెద్ద ఆటోక్లేవ్ కావాలి. దీనికి మిక్సర్, మోల్డులు, ఫోమ్ జనరేటర్ ఉంటే చాలు. అందుకే మనలాంటి ఊళ్లకు అందుబాటులో ఉన్న వ్యాపారం.

చిక్కంతా ఆ ఫోమ్ జనరేటర్ దగ్గరే వచ్చింది. ఒక బ్యాచ్ చక్కగా నిలబడేది. తర్వాతి బ్యాచ్ మోల్డులోనే రెండంగుళాలు కుంగేది. కలిపే మనిషీ, కలిపే కొలతా మారలేదు. నేను దసరా సెలవులకు వెళ్లేసరికి షెడ్డు వెనక పగిలిన ఇటుకల కుప్ప మనిషెత్తు ఉంది.

"అందరు కెమికల్ మార్చుమంటున్రు బామ్మర్దీ. రెండుసార్లు మార్చిన. డ్రమ్ములకు డ్రమ్ములు పోతున్నయ్ గని ఇటుక నిలవడ్తలేదు. గిట్లయితే మల్లా వీసా చూసుకునుడే" అన్నాడు బావ. అక్క ఏం మాట్లాడలేదు. పన్నెండేళ్లు ఫోన్‌లో కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎట్లా వినపడిందో నేను చెప్పలేను.

ఫోమ్ జనరేటర్‌లో జరిగేది చాలా సింపుల్. ఒక పైపులో కంప్రెసర్ గాలి, ఇంకో పైపులో కెమికల్ కలిపిన నీళ్లు వస్తాయి. రెండూ కలిసి స్టీలు పీచు కూరిన గొట్టంలోంచి దూరతాయి. ఆ సందుల్లో గాలి ముక్కలై, సన్నని బుడగలుగా బయటికొస్తుంది. నీళ్లు ఎక్కువైతే నురుగు అడుగున నీరు కారుతుంది. గాలి ఎక్కువైతే బుడగలు పెద్దవై, వాటి పొరలు పలచబడి, మిక్సర్‌లో గుజ్జు బరువు పడగానే పగులుతాయి. పైగా చిన్న బుడగలో పీడనం ఎక్కువ కాబట్టి దాని గాలి పక్కనున్న పెద్ద బుడగలోకి జారుతూనే ఉంటుంది. కెమికల్ ఈ పనిని ఆలస్యం చేస్తుంది కానీ, తప్పిన పాళ్లను సరిచేయలేదు.

నేను ఒక పూట కంప్రెసర్ గేజ్ ముందు కూర్చున్నాను. ముల్లు 6 బార్‌కి దిగగానే మోటారు ఆన్, 8కి ఎక్కగానే ఆఫ్. ట్యాంకు నుంచి నురుగు గొట్టానికి గాలి నేరుగా పోతోంది, మధ్యలో రెగ్యులేటర్ లేదు. మనం చోక్డ్ ఫ్లో అని చదివాం కదా, సన్నటి రంధ్రం గుండా పోయే గాలి వెనకున్న మొత్తం పీడనాన్ని బట్టి పెరుగుతుంది. వాతావరణ పీడనం కలిపితే 7 నుంచి 9, అంటే గాలి దాదాపు 28 శాతం పెరిగినట్టు. నీళ్లు మాత్రం అంతే. 6 బార్ దగ్గర లీటరు నురుగు 80 గ్రాములు ఉందనుకుంటే, 8 దగ్గర 63 గ్రాములే ఉంటుంది. నురుగు కొలిచేది టైమర్‌తో కాబట్టి, లీటరు పడాల్సిన చోట లీటరుంబావు పడుతుంది, అదీ బలహీనమైన నురుగు. మోటారు ఏ దశలో ఉండగా నురుగు పడితే, ఇటుక గతి అలా ఉండేది.

బావకు లెక్క కంటే కాలువ తొందరగా అర్థమైంది. శ్రీరాంసాగర్‌లో నీళ్లు 1091 అడుగుల దాకా నిండినా, ఎండాకాలం అడుగంటినా, మన కాకతీయ కాలువలోకి ఎంత వదలాలో గేట్లు చూసుకుంటాయి. "అంటే మనకు గేటు లేదన్నట్టు" అన్నాడు. ట్యాంకు తర్వాత రెగ్యులేటర్ పెట్టి 4 బార్‌కు కట్టాం. ట్యాంకులో 6 ఉన్నా 8 ఉన్నా దాని అవతల 4 మాత్రమే. కరెంటు వోల్టేజి తగ్గినప్పుడల్లా నీళ్ల పంపు నీరసపడేది. అందుకని దాన్ని తీసేసి, మందపాటి ప్రెషర్ ట్యాంకులో కెమికల్ నీళ్లు పోసి, అదే రెగ్యులేటర్ గాలితో నెట్టించాం. రెండు పైపులకూ నాన్‌రిటర్న్ వాల్వులు పెట్టాం.

అన్నిటికంటే చవకైనది లీటరు స్టీలు డబ్బా, వంటింటి డిజిటల్ కాటా. మొదట వచ్చే నురుగు పారబోసి, డబ్బా నింపి, అంచుకు గీరి, తూచడం. 75 నుంచి 85 గ్రాముల మధ్య ఉంటేనే మిక్సర్‌లోకి. తేదీ, టైము, బరువు నోటుబుక్కులో రాసేది అక్క. బరువు తప్పితే "ఆపుండ్రి" అనే అధికారం కూడా ఆమెదే.

కుంగడం ఆగింది. అప్పు ఆగలేదు, కిస్తీలు ఇంకా ఉన్నాయి. ఎర్ర ఇటుకకు అలవాటుపడ్డ మేస్త్రీలు ఇప్పటికీ దీన్ని వేళ్లతో గీకి చూసి తల అడ్డంగా ఊపుతారు. అయితే బావ ఇప్పుడు వాళ్లముందు నోటుబుక్కు తెరుస్తాడు. వీసా సంగతి మాత్రం వచ్చే ఎండాకాలం దాకా చూద్దామంటున్నాడు.

మన ఊళ్లలో ఇలాంటి షెడ్లు ఎన్నో ఉన్నాయి. గల్ఫ్ పైసలతో మిషన్ కొంటారు, అమ్మినవాళ్లు బిగించి వెళ్లిపోతారు. ఏది ఎంత ఉండాలో, ఎలా కొలవాలో చెప్పేవాళ్లు దొరకరు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు అలాంటి షెడ్డులోకి ఒకసారి తొంగిచూడండి. ముందుగా గేజ్ ముల్లు కదులుతోందేమో చూడండి.