స్టాటిన్లు: భయమెంత, నిజమెంత?

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకొన్నవారు సైతం "కాళ్ళు లాగుతున్నాయి" అంటూ స్టాటిన్ మాత్రను తమంతట తామే మానివేయడం నా వైద్యవృత్తిలో తరచుగా చూశాను. మీరు కూడా ఆ ఆలోచనలో ఉంటే ఈ నాలుగు మాటలు చదవండి.

స్టాటిన్లన్నీ ఒక్కటి కావు. కండరాలను కరిగించి మూత్రపిండాలను దెబ్బతీసినందువలన సెరివాస్టాటిన్‌ను 2001లో విపణి నుండి తొలగించారు. సిమ్వాస్టాటిన్ 80 మి.గ్రా. మోతాదుపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో పరిమితులు విధించింది. సిమ్వాస్టాటిన్, కొంత తక్కువగా అటోర్వాస్టాటిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటిబయోటిక్‌లతో కలిస్తే రక్తంలో పేరుకుంటాయి. రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్‌లకు ఈ చిక్కు తక్కువ. అయితే మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి రోసువాస్టాటిన్ మోతాదు తగ్గించాలి. అటోర్వాస్టాటిన్‌కు ఆ అవసరం లేదు. మధుమేహం అంచున ఉన్నవారిలో ఏ స్టాటిన్‌తోనైనా చక్కెర కొద్దిగా పెరగవచ్చు.

మరొక సంగతి. దుష్ఫలితాల వలన స్టాటిన్ మానినవారికే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన సామ్సన్ అధ్యయనం 2020లో వెలువడింది. స్టాటిన్‌తో కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది! నొప్పి అబద్ధమని కాదు; దానికి కారణం చాలావరకు మందు కాదని అర్థం.

కండరాల నొప్పి తీవ్రమై, మూత్రం ముదురు గోధుమరంగుకు మారితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తక్కిన బాధలకు మీ వైద్యునితో మాట్లాడండి. సీ.కే., థైరాయిడ్ పరీక్షలు చేయించి, మోతాదు తగ్గించవచ్చు, మరొక స్టాటిన్‌కు మార్చవచ్చు. దారులు ఇన్ని ఉండగా, గుండెకు రక్షణ లేకుండా చేసుకోకండి.