సముద్రం ఎరగని ఒడ్డున

మా పాలమూరులో చేప అంటే చెరువు చేపే. వానలకు అలుగు దుంకితే ఎదురెక్కే పరకలు, ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు బురదలో చేతులు పెట్టి పట్టే జెల్లలు, చుట్టాలొస్తే కొర్రమీను. మృగశిర కార్తె నాడు ఎంత లేనోళ్ల ఇంట్లోనైనా చేప ఉడకాల్సిందే. అదీ పులుసే. చింతపండు, ఎల్లిగడ్డ, మెంతిపిండి పడ్డాక చేప ఏ నీళ్లదో నాలుక పట్టుకోలేదు.

నిప్పుల మీద కాల్చినప్పుడు ఆ చాటు ఉండదు. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం, అంతే. బురద చెరువుదైతే బురద వాసన కొడుతుంది, పారే నీళ్లదైతే తియ్యగా ఉంటుంది. హైదరాబాద్ రెస్టారెంట్లలో ‘సీఫుడ్ స్కీవర్స్’ అని పుల్లకు ఆరు రొయ్యలు గుచ్చి, మధ్యమధ్య క్యాప్సికం ముక్కలు పెట్టి తెచ్చిస్తారు. మయోనీస్ గిన్నె పక్కనే ఉంటుంది. అవి తిన్నప్పుడు నాకెప్పుడూ ఏ ఊరూ గుర్తుకు రాలేదు.

కొల్లాపూర్ దాటి సోమశిల వైపు వెళ్తే కృష్ణ కనిపిస్తుంది. అది నది కాదు, శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. ఆ ఒడ్డు వెంబడి విశాఖ తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు గుడిసెలు వేసుకుని ఉంటారు. గుడిసెల ముందు చేపలు ఎండుతుంటాయి. రొయ్యలు కాల్చడం అక్కడ ఒక పెద్దామె దగ్గర చూశాను. కట్టె అంటుకోగానే నేను పుల్ల పట్టుకుని ముందుకు జరిగితే ఆపింది.

“మంట మీదెట్టకు బాబూ. మంట ఆరిపోనీ. నిప్పు మీద తెల్లగా బూడిద పట్టాక అప్పుడెట్టు.”

మంట పైపైన మాడుస్తుంది, లోపల పచ్చిగానే వదిలేస్తుంది. నిప్పు నిదానంగా లోపలికి పోతుంది. కట్టె సర్కారు తుమ్మ. మా జిల్లా బీళ్లన్నీ ఆక్రమించిన ముళ్లచెట్టే, దాని బొగ్గుకు మాత్రం వంక పెట్టలేం. వెదురు పుల్లల్ని నీళ్లలో నానబెడుతుంది, లేకపోతే రొయ్య కంటే ముందు పుల్ల కాలిపోతుంది. ఒక్కో వరుసకు రెండు పుల్లలు గుచ్చుతుంది, తిప్పితే రొయ్యలు గిర్రున తిరగకుండా. పెంకు తీయదు. పెంకు లోపల రొయ్య తన నీళ్లలో తానే ఉడుకుతుంది. ఎర్రబడి కొడవలిలా వంగితే తీసేయాలి, సున్నాలా ముడుచుకుందంటే గట్టిపడినట్టే. చేప అయితే వాలుగ ముక్కలే గుచ్చుతుంది, సన్న ముళ్లు తక్కువ కాబట్టి. బొచ్చె, రవ్వ పులుసుకే.

ఆ రొయ్యను మనవైపు నీలకంఠ అంటారు. మగ రొయ్యకు పొడుగాటి నీలం కాళ్లుంటాయి, అందుకనేమో. పెరిగేది మంచినీళ్లలో, కానీ దాని పిల్లలు బతకాలంటే కొంచెం ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే తల్లి గుడ్లతో నది దిగి సముద్రం దగ్గరికి పోతుంది, పిల్లలు మళ్లీ ఎదురెక్కి వస్తాయి. ఇప్పుడు సోమశిల నుంచి హంసలదీవి దాకా శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ అడ్డం ఉన్నాయి. ఏ రొయ్యా అంత దూరం దిగి మళ్లీ ఎక్కి రాలేదు. అందుకే తెలంగాణ వచ్చాక మత్స్యశాఖ హేచరీల నుంచి పిల్లల్ని తెప్పించి రిజర్వాయర్లలో వదులుతోంది. మా ఒడ్డున కాలే రొయ్య సముద్రం చూడదు. దాని పిల్లలు ఈ నీళ్లలో బతకవు.

పెద్దామె కథ దీనికి తిరగబడి ఉంటుంది. సముద్రం పక్కన పుట్టి ఎగువకు వచ్చింది, వల వేయడం వచ్చు కాబట్టి. ఈ ఒడ్డున పుట్టిన మావాళ్లకు వల వేయడం రాదు, వాళ్లు చెలకల మనుషులు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి మోయడానికి పాలమూరు కూలీలు పోయారు. ఇంటి ముందు డ్యామ్ నీళ్లొచ్చాక కూడా పోతూనే ఉన్నారు.

శ్రీశైలం నీళ్లు 1981లో ఇటు మహబూబ్‌నగర్, అటు కర్నూలు జిల్లాల్లో ఎన్నో ఊళ్లను ముంచాయి. సోమశిల గుడులను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఊళ్లను అట్లా తేలేదు. నిర్వాసితుల ఇళ్లలో ఒకరికి ఉద్యోగం అంటూ 1986లో జీవో 98 వచ్చింది. దాని కోసం ఎదురుచూస్తూ రిటైర్మెంట్ వయసు దాటినవాళ్లున్నారు. మా అమ్మమ్మది ఆ మునిగిన ఊళ్లలో ఒకటి. ఆమె ప్రాజెక్టు చేప తినదేమో అనుకునేవాణ్ని. ఒకసారి కాల్చిన వాలుగ ముక్కలు ఆకులో చుట్టి పట్టుకుపోయి, తింటావా అని అడిగాను.

“ఎందుకు తినను బిడ్డా? మన చెలకలు తిని బలిసినయి. మనం తినకుంటే ఇంకెవలు తినాలె?”

పళ్లు లేవు కాబట్టి వేళ్లతో చిదిపి, మాడిన అంచులు పక్కకు తీసి తిన్నది. ముళ్లను మాత్రం చెంగులో మూటగట్టుకుని పోయి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చింది. చేపల ఎరువుతో చెట్టు బాగా చిగురిస్తుందట.