ఎదురెదురు బల్లలు

"ఎంతమంది పడతరు?"

పాన్‌గల్‌లో మా ఇంటి ముందు థార్ ఆపగానే నాయిన అడిగిన మొదటి మాట ఇది. ధర అడగలేదు, మైలేజీ అడగలేదు. "నలుగురు" అన్నాను. "గింత పెద్ద బండికి నలుగురేనా?" అంటూ చుట్టూ ఓసారి తిరిగాడు. టైరును కాలితో తన్ని చూశాడు. వంగి కింద కమాన్ పట్టీల కోసం వెతికాడు. లేవని, కాయిల్ స్ప్రింగులని చెప్పాను. ఏమీ అనలేదు.

నాయిన చాలా ఏళ్లు పాన్‌గల్, వనపర్తి మధ్య జీపు నడిపాడు. ముందు సీట్లో తనతో కలిపి నలుగురు. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, వాటి మధ్య కింద కూర్చున్నవాళ్లు, వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు, పైన టాపు మీద పల్లీల సంచులు, ఆ సంచుల మీద మళ్లీ మనుషులు. "జెరంత జరుగుర్రి" అనే మాట రోజుకు వందసార్లు వినపడేది. ఊళ్లో ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోని మనుషుల మోకాళ్లు ఆ బల్లల మీద ఒకదానికొకటి తగిలేవి. దాన్ని సమానత్వం అని నేననను. దిగగానే ఎవరి వాడకు వాళ్లు పోయేవాళ్లు. కానీ తగలడమైతే తగిలేవి.

ఆ బండి పుట్టిందే యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు అది. 1945లో మహీంద్రా అన్నదమ్ములు గులాం మొహమ్మద్ అనే భాగస్వామితో కలిసి కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ మిగిలిన కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు బిగించడం మొదలుపెట్టింది. అట్లా సైనికుల బండి తహసీల్దారు బండి అయింది, పోలీసు బండి అయింది, ఎలక్షన్ బండి అయింది. ఒకప్పుడు ఊళ్లోకి జీపొచ్చిందంటే సర్కారోళ్లు వచ్చినట్టే. అది సెకండ్‌హ్యాండ్‌లో మాలాంటి ఇళ్లకు చేరేసరికి అందరి బండి అయింది.

అందరి బండికి ముసలితనం తొందరగా వస్తుంది. మారకపోతే ఏమవుతుందో జిప్సీని చూస్తే తెలుస్తుంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ ఇంజను మారినా ఒంటితీరు పెద్దగా మార్చుకోకుండానే మూడు దశాబ్దాలు గడిపింది. కొత్త భద్రతా నిబంధనలు వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. 2019 నాటికి మామూలు జనానికి అమ్మడం ఆగిపోయింది.

థార్ ఇంకో దారి పట్టింది. 2010లో వచ్చిన మొదటి థార్ చూపుకు మా జీపుకు తమ్ముడిలాగే ఉండేది. గుడ్డ టాపు, వెనక కమాన్ పట్టీలు, ఎదురెదురు బల్లలు. 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త థార్‌కు మాత్రం ఆ ముఖం పోలిక తప్ప దాదాపు అన్నీ మారాయి. గట్టి టాపు, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఆటోమేటిక్ గేర్లు, టచ్ స్క్రీన్. డీజిల్‌కు 130, పెట్రోల్‌కు 150 హార్స్‌పవర్. ఇది జీపే కాదని పాత అభిమానులు కొందరు పెదవి విరిచారు. అప్పుడు నేనూ వాళ్లలోనే ఉన్నాను.

మొదట్లో తక్కువ ధర రకాల్లో ఎదురెదురు బల్లలు కూడా ఇచ్చారు. అదే ఏడాది నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో థార్‌కు నాలుగు స్టార్లు వచ్చాయి. పరీక్షకు పెట్టింది ముందుకు తిరిగిన సీట్ల బండి. బల్లల రకాలు తర్వాత కనపడకుండా పోయాయి. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని గుద్దుకున్నప్పుడు బెల్టు సరిగ్గా పట్టలేదు. అందులో కంపెనీ మోసమేమీ లేదు. ఒంటికుండే లెక్క అది.

2023లో ఫోర్ వీల్ డ్రైవ్ లేని థార్ కూడా వచ్చింది. ధర తక్కువ. నేను కొన్నది అదే. కొంచెం సిగ్గుపడుతూనే నాయినకు చెప్పాను. నాయిన నవ్వాడు. "మనదానికెన్నడుండె?"

నిజమే. మా జీపుకూ వెనక చక్రాలే తిరిగేవి. వానాకాలం బురదలో దిగబడితే నాయిన తొండి గేరు కోసం వెతకలేదు. అందరినీ దింపి తోయించేవాడు. అదే మా ఫోర్ వీల్ డ్రైవ్.

ఇక్కడితో ఆపితే బాగుండేది. పాత జీపు మీద ఇట్లాంటి తీపి రాతలు చాలానే చదివాం. కానీ మా జీపు ఒకరోజు మలుపులో పక్కకు ఒరిగింది. టాపు మీద సంచులు ఎక్కువైనయి, అంతే. నాయిన తాగలేదు, వేగంగా పోలేదు. లోపలివాళ్లకు దెబ్బలతో పోయింది. బల్ల చివర కూర్చున్న ఒకామె బయటికి పడింది. పల్లీలు అమ్ముకొచ్చుకుందామని మార్కెట్టుకు పోతోంది. మా వాడకట్టు మనిషే, నాకు వరసకు పెద్దమ్మ. దవాఖానకు చేరేలోపే పోయింది.

నాయిన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. జీపును పాత ఇనుముకు అమ్మేశాడు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచే పోతాడు. నాయినను "చిన్నాయనా" అని పలకరిస్తాడు. నాయిన ప్రతిసారీ లేచి నిలబడతాడు.

ఎంతమంది పడతారన్న ప్రశ్నను నేను మొదట తప్పుగా విన్నాను. చిన్న బండి కొన్నానని వెక్కిరింపేమో అనుకున్నాను. సాయంత్రం కోట గుట్ట దాకా పోయొద్దామంటే నాయిన ముందు సీట్లో కూర్చోలేదు. వెనకే కూర్చుంటానన్నాడు. రెండే తలుపుల బండి, ముందు సీటు మడిస్తే తప్ప వెనక్కి దారి లేదు. మోకాళ్లు పట్టుకుని కష్టం మీద ఎక్కాడు. కూర్చున్నాక చేత్తో పక్కన తడిమాడు.

"ఈడ గూడ బెల్టున్నదా?"

ఉందన్నాను. బయటికి లాగాడు. గట్టిగా గుంజి చూశాడు. వదిలేసి, మళ్లీ గుంజాడు. బండి స్టార్ట్ చేయకుండా నేను అద్దంలో చూస్తూ కూర్చున్నాను. టక్కుమని చప్పుడు వినపడేదాకా.